కింది దారి

"కింద నుంచి రండి, ప్లీజ్," అంది మిసెస్ హాలొవే ఇంగ్లీషులో, తలుపు సగమే తెరిచి.

పర్సిస్ చేతుల్లో పులిహోర ట్రే ఉంది. అల్యూమినియం రేకు అడుగు నుంచి వేడి వేళ్లకు తగులుతోంది. వెనక ఆమె తల్లి రూతు పెరుగుపచ్చడి గిన్నెను కొంగుతో చుట్టి, స్వెటర్ మీదుగా గుండెకు ఆనించుకుని నిలబడింది. నిన్న కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకట్టింది. చర్చి ముందు మెట్ల మీద ఎవరో జారకుండా ఉప్పు చల్లారు కాబట్టి అంతవరకైనా ఎక్కి రాగలిగారు.

"కార్పెట్ కొత్తది కదా. ఏమీ అనుకోకండి," అంది మిసెస్ హాలొవే. అనుకుంటారేమోనన్న ఇబ్బంది ఆవిడ ముఖంలో నిజంగానే ఉంది. ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో కర్ర పట్టుకుంది. క్రిస్మస్ వారంలో ఇంటి ముందు మంచు మీద జారిపడినప్పటి నుంచీ ఆవిడకు ఆ కర్ర వచ్చింది.

"థాంక్యూ మేడమ్," అని రూతు అప్పటికే మెట్లు దిగుతోంది.

పర్సిస్‌కు ముఖం వేడెక్కింది.  ట్రే పట్టుకుని తల్లి వెనకే భవనం చుట్టూ తిరిగి, వెనక పార్కింగ్‌లోకి నడిచింది.

చర్చి అమెరికన్లది; దాని బిల్డింగ్ కమిటీకి మిసెస్ హాలొవే పెద్ద. ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్లు రాకముందు, చుట్టూ పొలాలున్న రోజుల్లో రాతితో కట్టింది. ఆదివారం వాళ్ల ఆరాధన పొద్దున ముగుస్తుంది. మధ్యాహ్నం తెలుగు సంఘానికి అద్దెకు ఇస్తారు. నిరుడు ముందు హాల్లో కొత్త కార్పెట్ వేశారు. ఆ నెలలోనే తెలుగువాళ్ల ప్రేమ విందులో ఎవరి చేతిలోంచో సాంబారు ఒలికింది. అప్పటి నుంచి తెలుగు సంఘమంతా, వంటలున్నా లేకపోయినా, వెనక పార్కింగ్ దగ్గరి కింది తలుపు నుంచే రావాలని ఏర్పాటు. అది తెలిసే ఈ పూట పర్సిస్ ముందు మెట్లెక్కింది. ఆ తలుపు లోపల పెద్ద హాలు కిందుగా పొడవైన దారి. దాని చివర మెట్లు. మెట్ల పైన భోజనాల గది. మనవాళ్లందరూ దాన్ని సొరంగం అంటారు.

పైన కమానులా వంగిన రాతికప్పు. గోడ వెంట గుడ్డ చుట్టిన లావుపాటి పైపులు. తీగకు వేలాడే బల్బులు, వాటిలో ఒకటి ఎప్పుడూ వెలగదు. రూతు ముందు నడుస్తోంది. దారి కొంచెం మలుపు తిరిగేచోట ఆమె ఎడమచెయ్యి గోడను ఒకసారి తాకి వదిలింది. తల్లి చీకట్లో తూలుతోందేమోనని పర్సిస్‌కు అనిపించింది.

"అమ్మా, మెట్లు జాగ్రత్త. చివరిది ఎత్తెక్కువ."

ఆ మాట పూర్తయ్యేసరికి రూతు ఆ మెట్టు కూడా ఎక్కేసి, పై తలుపు తెరిచి కూతురి కోసం పట్టుకుని ఉంది.

పర్సిస్ ట్రే బల్ల మీద పెట్టి, వేళ్లు ఊదుకుని, ఎవరూ చూడకుండా మళ్లీ కిందికి దిగింది. హ్యాండ్‌బ్యాగులోంచి లేజర్ మీటర్ తీసి వెడల్పు ఒకసారి, ఎత్తు ఒకసారి కొలిచింది. ఈ చర్చి మరమ్మతు పని ఆమె ఆఫీసుకే వచ్చింది. ప్లాన్ గీస్తున్నది ఆమే. ఆ ప్లాన్‌లో ఈ సొరంగం ఉండదు. గురువారం మీటింగ్‌లో అందరూ చూస్తారు. అంతవరకూ అమ్మకు కూడా చెప్పదలుచుకోలేదు.

ఆరాధన చివర పాస్టరు షాలేం రాజు అయ్యగారు కళ్లద్దాలు సర్దుకుని చెప్పారు. "బిల్డింగ్ కమిటీ గురువారం సాయంత్రం ప్లాన్ చూపిస్తున్నారు. మనల్నీ రమ్మన్నారు. వీలైనవాళ్లు రండి. మన పర్సిసమ్మే చూపిస్తోంది, గమనించండి."

ఆడవాళ్ల వైపు నుంచి "దేవునికి స్తోత్రం" అని వినబడింది. రూతు తల దించుకుని కొంగు సర్దుకుంది. ఆమె సంతోషం ఎప్పుడూ అంతే, కొంగు సర్దుకోవడం దగ్గర ఆగిపోతుంది.

*

సోమవారం ఆఫీసులో పర్సిస్ సొరంగాన్ని పూడ్చింది.

కంప్యూటర్ తెర మీద భవనాన్ని నిలువునా కోసినట్టు కనిపించే బొమ్మ. పైన హాలు, కింద కమాను. కమాను లోపల ఖాళీని ఎంచుకుని, కంకర గుర్తు నొక్కింది. చిన్న చిన్న చుక్కలు, గులకరాళ్ల ఆకారాలు ఖాళీ అంతా నిండిపోయాయి. కుర్చీలో వెనక్కి వాలి కాసేపు దాన్నే చూసింది. ముందు వైపు వెడల్పాటి మెట్లు, పక్కన ర్యాంపు, రెండు రెక్కల తలుపు గీసింది. ఇకమీదట ఎవరైనా అటునుంచే రావాలి, వేరే దారే ఉండదు.

విశాఖపట్నంలో బి.ఆర్క్. చదివేటప్పుడు చరిత్ర క్లాసులో ఒక స్లైడు చూపించారు. రోమన్ల భవంతి కింద, నేలలోకి సగం దిగిన కప్పు దారి. దాని పేరు క్రిప్టోపోర్టికస్. పైన దొరలు, వాళ్ల తోటలు, అతిథులు. కింద బానిసలు గంగాళాలు, నూనె కూజాలు మోసుకుంటూ, పైవాళ్ల కంటపడకుండా తిరిగేవారని మేడమ్ చెప్పింది. క్లాసులో సగంమంది నిద్రపోతున్నారు. పర్సిస్ మాత్రం పెన్ను పట్టుకుని స్లైడు మారేదాకా కదల్లేదు. రూతు అప్పటికి మిషన్ హాస్టల్లో వంటమనిషి. వెనక గుమ్మం నుంచి వెళ్లి వెనక గుమ్మం నుంచే వచ్చేది, వాన కురిస్తే నెత్తిన గంజి గిన్నె మూత పెట్టుకుని. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు పర్సిస్ అడిషనల్ షీటు తీసుకుంది.

మధ్యాహ్నం డబ్బా విప్పింది. ముద్దపప్పు, అన్నం, పైన నాలుగు సగ్గుబియ్యం వడియాలు. మెత్తబడకుండా విడిగా కవరులో పెట్టి పంపింది అమ్మ. ఒకటి కొరికింది. జీలకర్ర, పచ్చిమిర్చి ఘాటు. ఇండియన్ స్టోరులో ఇంత బాగా ఎప్పటినుంచి దొరుకుతున్నాయో అనుకుంది.

రాజ్ కాఫీ కప్పుతో వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆఫీసు యజమాని. ఇక్కడే పుట్టి పెరిగాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే ప్రతి మాటా రోడ్డు మీద గతుకులో పడి లేచినట్టుంటుంది.

"ఈ టన్నెల్ ఫిల్ చేస్తున్నావ్. గుడ్. వీక్‌డేస్‌లో అక్కడ ఏం చేస్తారు వాళ్లు?"

"ఏమీ చేయరు. ఖాళీ."

"అడిగావా?"

"అది మా చర్చి, రాజ్."

"ఓకే, ఓకే." కప్పు పైకెత్తి లొంగిపోయినట్టు నవ్వాడు. "మా అమ్మ కూడా ఇలాగే చెప్తుంది. 'నువ్వు నా కొడుకువి, అడగడం ఏంటి' అని. తర్వాత రాంగ్ సైజ్ షర్ట్ కొంటుంది. కమిటీకి ఇది ఈ రోజు పంపెయ్. అండ్ ఫొటోలు పాతవి ఉన్నాయి. రేపు వెళ్లి కొత్తవి తీసుకురా."

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి రూతు సోఫాలో కూర్చుని యూట్యూబ్‌లో వాక్యం వింటోంది. అక్టోబరులో విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు, నెల తిరక్కుండానే "తిరుగు టికెట్టు ముందుకు జరుపుకోవచ్చంటావా నాన్నా?" అని అడగడం మొదలుపెట్టింది. రోజూ కిటికీ దగ్గర కూర్చునేది. రోడ్డు మీద మనిషన్నవాడు నడవడని చెప్పేది. పర్సిస్ పెద్ద టీవీ కొంది, కాళ్లకు వేడి సంచి కొంది. మంచు పడినప్పటి నుంచి మాత్రం గట్టిగా చెప్పింది: "అమ్మా, నేను లేనప్పుడు బయట అడుగు పెట్టొద్దు. జారితే తుంటి విరుగుతుంది." క్రిస్మస్ తర్వాత రూతు టికెట్టు మాట ఎత్తడం మానేసింది. టీవీ పనిచేసిందని పర్సిస్ అనుకుంది.

*

మంగళవారం పదిన్నర ప్రాంతంలో కారు వెనక పార్కింగ్‌లో ఆపి, కెమెరా మెడలో వేసుకుని కింది తలుపు తోసింది. లేనివాళ్లకు పంచే ఫుడ్ ప్యాంట్రీకి సరుకులు తెచ్చేవాళ్ల కోసం ఆ తలుపు వారమంతా తెరిచే ఉంటుంది.

లోపల లైట్లు వెలుగుతున్నాయి.

"హోల్డాన్! హోల్డాన్!" అని మలుపు అవతల నుంచి ఎవరో మగగొంతు అరిచింది. "ముందర స్టాపు. దిగేటోళ్లు దిగండి."

"దిగేది లేదు, ఎక్కేది లేదు. నడువు," అంది ఇంకో గొంతు.

ఆ తర్వాత ఒక నవ్వు. పర్సిస్ ఆగిపోయింది. అది పొట్టలోంచి వచ్చి, మధ్యలో ఊపిరి అందక, మళ్లీ మొదలయ్యే నవ్వు. తన చిన్నప్పుడు హాస్టల్ వంటింట్లో విన్నది. అమెరికాలో వినలేదు.

మలుపు తిరిగి ముగ్గురు వస్తున్నారు. ముందు మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దాయన, పద్మనాభం. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు. పక్క వీధిలో కొడుకు అఖిల్ ఇంట్లో ఉంటాడు. ఆయన వెనక భార్య శేషమ్మ. శేషమ్మ పక్కన, చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని, కాళ్లకు పర్సిస్ పారేద్దామనుకున్న పాత రన్నింగ్ షూస్ వేసుకుని, రూతు.

నవ్వు రూతు ముఖం మీదే ఉండిపోయింది, వెనక్కి తీసుకోవడానికి టైము చాలనట్టు.

"నువ్వా నాన్నా," అంది.

"అమ్మా, నువ్విక్కడ..."

"తిట్టకు బిడ్డా," అన్నాడు పద్మనాభం. "నాదే తప్పు. డిసెంబర్ల ఓ దినం చలికి తట్టుకోలేక గీ తలుపు నూకిన. లోపల చూస్తే మా ఊరి బస్టాండు లెక్క ఎచ్చగుంది. శేషమ్మను తోల్కొచ్చిన. శేషమ్మ పోయి మీ అమ్మను తోల్కొచ్చింది."

"మీరు చర్చికి రారు కదా అంకుల్."

"చర్చికి ఎవలొచ్చిండ్రు? చర్చి కిందికొచ్చినం. నేను నడుసుకుంట విష్ణు సహస్రనామం చదువుకుంట. మీ అమ్మ కీర్తన పాడుతది. మీ దేవుడు ఏమన్న అనుకుంటున్నడా అని మీ అమ్మనే అడిగిన. 'పైనున్నాయన, కింద ఏం జరిగేది ఆయనకి తెలవదా' అంది."

"అలా అన్లేదండీ నేను," అని రూతు మళ్లీ నవ్వింది.

పర్సిస్‌కు కోపం రావాలి. రోడ్డు దాటి, మంచు మీద, చెప్పకుండా. కోపం కోసం వెతికితే దొరకలేదు. "ఎందుకు చెప్పలేదమ్మా?"

"వద్దంటావని. ఎలాగూ వద్దనేదానివేగా."

శేషమ్మ పర్సిస్ మోచెయ్యి పట్టుకుంది. "మాల్‌కు పోదామంటే కారు గావాలె. కోడలు రాగిణి పాపం, మీటింగుల మీద మీటింగులు. ఈడికైతే మా కాళ్లే మమ్మల్ని తోల్కొస్తయ్. నా మోకాళ్లు జూడు, దీపావళికి మెట్లెక్కలేకపోయేదాన్ని. దా, నీకొకటి జూపిస్త."

మలుపు దగ్గర, రెండు పైపులు కలిసేచోట, గోడ వారగా పాత బెంచీ ఉంది. దాని మీద ప్లాస్టిక్ షీటు. షీటు మీద తెల్లగా, గుండ్రంగా, వరుసలు వరుసలుగా సగ్గుబియ్యం వడియాలు. అంచున ఉన్నవి ఎండి అద్దం ముక్కల్లా అయ్యాయి. మధ్యలోవి ఇంకా జిగటగా మెరుస్తున్నాయి. పైన దుమ్ము పడకుండా పాత చీర ముక్క ఒకటి రెండు పైపుల మధ్య కట్టి ఉంది. ఆ చీర పర్సిస్ గుర్తుపట్టింది.

ఆదివారం అమ్మ చెయ్యి గోడకు ఎందుకు తగిలిందో ఇప్పుడు తెలిసింది. పైపు వెచ్చగా ఉందో లేదో చూసుకుంది.

"ఇక్కడ ఎండేదీ?" అంది రూతు, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. "మాసిపోయిన సూర్యుడు. ఈ బాయిలరు పైపులైతే రాత్రీపగలూ కాస్తాయి. నువ్వు తింటున్నావుగా, బాగా వచ్చాయా?"

"స్టోరువి అనుకున్నాను."

"స్టోరువంట!" అని శేషమ్మ చెంపలు వాయించుకుంది.

పద్మనాభం కప్పు వైపు చూస్తూ చేతికర్రతో కమానును చూపించాడు. "నువ్వు ఇంజినీరువి గదా బిడ్డా. కింద ఇంత ఖాళీ ఎందుకిడిసిండ్రు?"

"ఆర్కిటెక్ట్‌ని అంకుల్. ఈ నేల ఏటవాలు కదా. పైన హాలు సమంగా నిలబడాలంటే కింద ఇలా కమాను కట్టి ఎత్తాలి. రోమన్లు చేసేవాళ్లు ఇలా. క్రిప్టోపోర్టికస్ అంటారు."

"రోమనులంటే మన ప్రభువును సిలువేసినవాళ్లే," అని రూతు శేషమ్మకు చెప్పింది.

"అయ్యో. కట్టుడు మాత్రం మంచిగ కట్టిండ్రు," అంది శేషమ్మ.

"అందులో బానిసలు నడిచేవాళ్లు," అంది పర్సిస్. తల్లి వైపు చూడకుండా చెప్పింది. "సామాన్లు మోసుకుంటూ. పైవాళ్లకు కనపడకూడదని."

రూతు ఒక వడియాన్ని గోటితో లేపి, తడి చూసి, మళ్లీ అద్దింది. "మరి బాగా ఎండలు కాసినప్పుడో, ముసురు పట్టినప్పుడో పైవాళ్లు ఎక్కడ తిరిగేవాళ్లు?"

పర్సిస్ నోరు తెరిచింది. స్లైడు తర్వాత ఇంకో స్లైడు ఉంది. గోడల మీద రంగుల బొమ్మలు. కప్పు అంచున ఏటవాలుగా తొలిచిన చిన్న కిటికీలు, వాటిలోంచి నేల మీద వరుసగా పడ్డ వెలుతురు ముక్కలు. వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటుందని ఆసాములు తమ నడక కోసం కట్టించుకున్న దారులు. మేడమ్ రెండూ చెప్పింది. పర్సిస్ అడిషనల్ షీటులో ఒకటే రాసింది.

"ఇలాంటి చోటే," అంది మెల్లగా. "వాళ్లు కూడా ఇలాంటి దారుల్లోనే నడిచేవాళ్లు. గోడలకు రంగులు వేయించుకుని."

"అయితే మనం గూడ దొరలమే!" అన్నాడు పద్మనాభం. "రైట్ రైట్! పోనియ్!"

ఇద్దరూ ముందుకు కదిలారు. రూతు కదలలేదు. కూతురి మెడలో కెమెరా వైపు చూసింది. "ఫొటోలెందుకు?"

చెప్పకుండా ఉండటం పర్సిస్‌కు చేతకాలేదు. "ఇది పూడ్చేస్తున్నారమ్మా. కొత్త ప్లాన్‌లో. మనమంతా ముందు తలుపు నుంచి రావడానికి."

"ఎవరు పూడ్చేది?"

"నేనే గీశాను."

బాయిలరు ఎక్కడో గుర్రుమని, పైపుల్లో నీళ్లు కదిలిన చప్పుడైంది. రూతు చీర ముక్క కొస పట్టుకుని, బిగించి కట్టింది. ముడి సరిగ్గానే ఉంది. విప్పి మళ్లీ కట్టింది.

"సరే," అంది. "ఇవి ఎండేదాకా ఆగమని చెప్పు."

*

కారులో ఇంటికి తీసుకెళ్తున్నప్పుడు పర్సిస్ హీటరు పెంచింది, తగ్గించింది.

"నీ కోసమే గీశానమ్మా. ఆదివారం ఆవిడ కింద నుంచి రమ్మంటే నువ్వు థాంక్యూ మేడమ్ అన్నావ్. నాకు ఎలా ఉంటుంది? హాస్టల్లో నువ్వు అలాగే..."

"హాస్టల్లో ఆ గుమ్మం తప్ప నాకు ఇంకోటి లేదు," అంది రూతు. సీటుబెల్టు మెడకు తగలకుండా బొటనవేలితో పట్టుకుని కూర్చుంది. "ఇక్కడ అలా కాదు. పద్మనాభం గారు చూపించారు, నాకు నచ్చింది, వెళ్తున్నాను. రెండూ వెనక గుమ్మాలే అని నువ్వు ఒకటి చేసేస్తే ఎలాగ?"

"అయితే ముందు తలుపు వద్దా?"

"వద్దని ఎవరన్నారు? పులిహోర ట్రే పట్టుకుని అంత దూరం చుట్టూ తిరిగి రావడం నాకేం సరదానా? చెయ్యి కాలుద్ది." కొంచెం ఆగి కూతురి వైపు తిరిగింది. "ఇంత చదువుకున్నావు. రెండూ ఉండేలాగ గీయలేవా?"

పర్సిస్ సిగ్నల్ దగ్గర ఆగింది. పచ్చ లైటు వచ్చినా కదల్లేదు. వెనక కారు హారన్ కొట్టింది.

బుధవారమంతా అదే పని. కంకర గుర్తులు తీసేస్తే కమాను మళ్లీ ఖాళీగా, తెల్లగా బయటపడింది. పార్కింగ్ వైపు గోడ సగం నేలపైనే ఉంది కాబట్టి, కప్పు అంచున ఏటవాలుగా కిటికీలు పెట్టవచ్చు. వాన లోపలికి రాదు, వెలుతురు వస్తుంది. ఒకటి గీసి, దాని వరుసలో మిగతావి గీసింది. గోడ వెంట చెయ్యి పట్టుకోవడానికి కమ్మీ. చివరి మెట్టు ఎత్తు తగ్గించింది. పైపులు కలిసేచోట గోడలో చిన్న గూడులా వెడల్పు చేసి, బెంచీ పెట్టింది. బెంచీ వెడల్పు ప్లాస్టిక్ షీటుకు సరిపోతుందో లేదో చూసుకుని ఇంకొంచెం పెంచింది. ముందు మెట్లు, ర్యాంపు, రెండు రెక్కల తలుపు అలాగే ఉంచింది.

రాజ్ తెరను చాలాసేపు చూశాడు.

"ఇది చాలా బాగుంది. బట్ వాళ్లకి ఆల్రెడీ వేరే ప్లాన్ వెళ్లింది. నువ్వు తప్పు అని నువ్వే చెప్పాలి, అందరి ముందు. ఐ వోంట్ జంప్ ఇన్."

"చెప్తాను."

"ఈ బెంచ్ ఇంత వైడ్ ఎందుకు?"

"వడియాలకి," అంది పర్సిస్.

రాజ్‌కు ఒక క్షణం పట్టింది. "మా అమ్మమ్మ," అన్నాడు, కప్పు కింద పెట్టి. "బాల్కనీలో వేసేది. కాకులు వస్తాయని నన్ను కూర్చోబెట్టేది."

*

గురువారం సాయంత్రం భోజనాల గదిలో కమిటీవాళ్లు ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. తెలుగువాళ్ల వైపు షాలేం రాజు అయ్యగారు, మరి కొందరు. చివరి వరుసలో రూతు, ఆమె పక్కన శేషమ్మ దంపతులు. వాళ్లెవరో తెలియక అయ్యగారు ఇద్దరికీ రెండుసార్లు వందనాలు చెప్పారు.

"మొదలుపెట్టేముందు ఒక మాట," అంది మిసెస్ హాలొవే ఇంగ్లీషులో. "ఈ ప్లాన్ చూసి నాకు చాలా ఊరట కలిగింది. మిమ్మల్ని వెనక నుంచి రమ్మనాల్సి రావడం నా మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ఇక ఆ అవసరమే ఉండదు."

ఆవిడ మనస్ఫూర్తిగా అంటోంది. అందుకే పర్సిస్‌కు ఇంకా కష్టమైంది. కొత్త షీటు గోడకు అతికించి, పక్కకు తప్పుకుంది.

కమిటీలో ఒకాయన కళ్లద్దాలు పైకి జరిపాడు. "సోమవారం పంపిన దాంట్లో ఇది పూడ్చేశారు కదా?"

"అవును. అది నా పొరపాటు. దాన్ని వాడేవాళ్లని అడగకుండా గీశాను."

"వాడేవాళ్లా? దాన్ని ఎవరు వాడతారు?" అని అడిగింది మిసెస్ హాలొవే.

 రాజ్ మూలన చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు, అన్న మాట ప్రకారమే. ఇప్పుడు పేర్లు చెబితే, అనుమతి లేకుండా వస్తున్నారని రేపే ఆ తలుపుకు తాళం పడవచ్చు. చెప్పకపోతే గీసిన గీతలకు అర్థమే లేదు. 

వెనక కుర్చీ కిర్రుమంది.

"నేను, మేడమ్," అంది రూతు లేచి. "వాకింగ్."

ఆమె పక్కన శేషమ్మ లేచింది. పద్మనాభం మంకీ క్యాప్ తీసి చేత్తో పట్టుకుని లేచాడు.

మిసెస్ హాలొవే ముగ్గురినీ చూసింది. తర్వాత కర్ర అందుకుంది. "నాకు చూపించండి."

అందరూ మెట్లు దిగారు. మిసెస్ హాలొవే ఒక్కో మెట్టూ పక్కవాటుగా దిగింది. ఎత్తు మెట్టు దగ్గర రూతు అడగకుండానే మోచెయ్యి అందించింది. ఆవిడ అది పట్టుకుంది. మలుపు దగ్గర బెంచీ ముందు ఆగిపోయారు.

"ఇదేమిటి?" అంది మిసెస్ హాలొవే.

"సన్, నో," అంది రూతు, వేలు పైకి చూపించి. తర్వాత అరచెయ్యి పైపు మీద పెట్టింది. "పైప్, గుడ్."

మిసెస్ హాలొవే ఎండిన వడియం ఒకటి తీసి లైటు వైపు పెట్టి చూసి, నోటి దగ్గరికి తీసుకెళ్లబోయింది.

"నో నో నో!" అని రూతు, శేషమ్మ ఒకేసారి అరిచారు. "ఆయిల్! ఫ్రై!" శేషమ్మ రెండు చేతులతో మూకుడు ఆకారం, అందులో ఉబ్బడం, అన్నీ చూపించింది.

ఆవిడ నవ్వి దాన్ని జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టింది. దారి పొడవునా చూసింది. ఎవరినీ పిలవకుండా, ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి కర్రకు ఇచ్చి, పార్కింగ్ తలుపుదాకా నడిచింది. తిరిగి నడుచుకుంటూ వచ్చింది. వచ్చేటప్పుడు కర్ర నేలకు ఆనించినట్టు లేదు, పట్టుకుంది అంతే.

"ఇక్కడ జారదు," అంది. "క్రిస్మస్ నుంచి నేను ఇంట్లోనే ఉన్నాను. ఈ మీటింగులకీ ఆదివారాలకీ మా అమ్మాయే కారులో దింపుతుంది. తను లేనప్పుడు బయట అడుగు పెట్టొద్దని చెప్పింది."

పర్సిస్ అది తెలుగులో చెప్పింది, చివరి ముక్క దగ్గర కొంచెం గొంతు తగ్గించి.

రూతు కూతురి వైపు తిరిగి, పైనుంచి కిందిదాకా చూసింది. "ఈవిడకీ ఒకత్తి ఉందన్నమాట," అంది. పొట్టలోంచి నవ్వు మొదలైంది. ఎందుకు నవ్వుతోందో తెలియకపోయినా మిసెస్ హాలొవేకు కూడా నవ్వు వచ్చింది.

"అయితే ఇది ఉంచుదాం," అంది ఆవిడ కమిటీ వైపు చూసి. "ఆ కిటికీలు నాకు నచ్చాయి."

పర్సిస్ ఇక ఆగలేదు. "ఇంకొకటుంది మేడమ్. ఇది ఉన్నా, ఆదివారం మేం ముందు తలుపు నుంచే వస్తాం. ట్రేలతో సహా. పనులు మొదలయ్యేదాకా ఆగి కాదు, ఈ ఆదివారం నుంచే."

మిసెస్ హాలొవే ఆమెను చూసింది. పైపులో నీళ్లు కదిలాయి.

"కార్పెట్టే కదా," అంది చివరకు. "మీ ట్రేలకు మూతలుంటాయిగా."

*

ఆదివారం రూతు బిర్యానీ ట్రే తానే మోస్తానంది. ముందు మెట్ల మీద ఉప్పు చల్లి ఉంది. షాలేం రాజు అయ్యగారు రెండు తలుపులూ తెరిచి, చలికి వణుకుతూ, వచ్చినవాళ్లందరికీ వందనాలు చెబుతున్నారు. రూతు గుమ్మం దగ్గర ఆగి, కార్పెట్ చూసి, ట్రే పర్సిస్ చేతికిచ్చి, షూస్ విప్పింది. "విప్పక్కర్లేదమ్మా," అంటే వినలేదు. మేజోళ్లతో ఆ కార్పెట్ మీద నడిచింది, మధ్యలోంచి.

పాటలు అయ్యాయి. అయ్యగారు మౌన ప్రార్థన అన్నారు. తలలు వంగాయి. హాలంతా సద్దుమణిగాక పర్సిస్‌కు కాళ్ల కింద ఎక్కడో చప్పుడు వినబడింది. మెల్లగా రెండు అడుగులు, ఒక కర్ర. కాసేపు ఆగి, మళ్లీ రెండు అడుగులు. పొద్దున ఆరాధన అయిపోయినా మిసెస్ హాలొవే ఇంటికి వెళ్లలేదు.

రూతు కూడా విన్నది. కళ్లు మూసుకునే కూతురి వైపు వంగింది.

"నాన్నా," అని గుసగుసగా అడిగింది, "మలుపు దగ్గర కొత్త వాయి వడియాలు ఆరబెట్టాను. చూసుకుని నడవమని ఆవిడకి చెప్పావా?"